చాప మీద పది మంది: పొదుపు సంఘాన్ని మొదటి నుంచీ నిలబెట్టుకునే పద్ధతి

మా ఊళ్లో ఎవరూ ‘స్వయం సహాయక సంఘం’ అనరు. ‘డ్వాక్రా’ అంటారు, కాదంటే ‘గ్రూపు’ అంటారు. 1982లో కేంద్రం మొదలుపెట్టిన ఆ డ్వాక్రా పథకం 1999లోనే మరో పథకంలో కలిసిపోయింది. తర్వాత ‘వెలుగు’ పథకం వచ్చింది, ఇందిరా క్రాంతి పథం వచ్చింది, 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చింది. ఆఫీసు బోర్డు మీద పేరు మారినప్పుడల్లా మా పుస్తకాల అట్టలు కూడా మారాయి. జనం నోట్లో మాత్రం డ్వాక్రాయే మిగిలింది.

నేను పన్నెండేళ్లు గ్రామైక్య సంఘం (ఊళ్లో సంఘాలన్నీ కలిసిన సంఘం) పుస్తకాలు రాశాను. ఆ పన్నెండేళ్లలో నిలబడిన సంఘాలను చూశాను, కళ్ల ముందే విడిపోయిన సంఘాలను కూడా చూశాను. బ్యాంకు లోను రాక విడిపోయిన సంఘం నాకు ఒక్కటి కూడా గుర్తు లేదు. సమావేశాలు ఆగిపోయి విడిపోయినవి మాత్రం చాలా ఉన్నాయి. లోను రెండు మూడేళ్లకు ఒకసారి వస్తుంది. సమావేశం నెలనెలా వస్తుంది. సభ్యురాలికి ధైర్యం ఇచ్చేది ఆ రెండోదే. కొత్తగా సంఘం పెట్టుకునేవాళ్లకీ, ఉన్న సంఘం కుంటుతోందని బాధపడేవాళ్లకీ పనికొస్తుందని ఇది వివరంగా రాస్తున్నాను.

దీని మూలం కొంచెం తెలుసుకుంటే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో అక్షర దీపం అనే పెద్దవాళ్ల చదువు తరగతులకు వచ్చిన ఆడవాళ్లు సారా దుకాణాన్ని ఊళ్లోంచి వెళ్లగొట్టారు. దూబగుంట రోశమ్మ పేరు అలా బయటికొచ్చింది. 1992లో అది రాష్ట్రమంతా ఉద్యమమైంది, 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాను నిషేధించింది. సారా ఆగాక ఇంట్లో మిగిలే డబ్బును రోజుకో రూపాయి చొప్పున దాచుకుందామని నెల్లూరు మహిళలు పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. అప్పటికి బ్యాంకూ లేదు, సబ్సిడీ లేదు. ఉన్నది ముప్పై రోజుల ముప్పై రూపాయలు, వాటిని లెక్కపెట్టుకోవడానికి పది మంది. నాబార్డు (గ్రామీణాభివృద్ధి కోసం ఉన్న జాతీయ బ్యాంకు) దేశంలో సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం మొదలుపెట్టింది కూడా 1992లోనే, 500 సంఘాలతో.

1. మనుషుల్ని ఎంచుకోవడం

సంఘంలో పది నుంచి ఇరవై మంది దాకా ఉండొచ్చు. మన దగ్గర ఎక్కువగా పది నుంచి పదిహేను మందే ఉంటారు. కొండ ప్రాంతాల్లో, దివ్యాంగుల సంఘాల్లో ఐదుగురున్నా చాలు. ఒక ఇంటి నుంచి ఒక్కరే ఉండాలి. అత్తాకోడళ్లు ఒకే సంఘంలో ఉంటే ఇంట్లో గొడవ సంఘంలోకీ, సంఘంలో గొడవ ఇంట్లోకీ వస్తుంది.

ఒకే వీధిలో, నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నవాళ్లను తీసుకోండి. ఆదాయంలో మరీ తేడా లేకుండా చూసుకోండి. ఐదెకరాల ఆసామి భార్యనీ, ఆమె పొలంలో కూలికి వెళ్లే మనిషినీ ఒకే చాప మీద కూర్చోబెడితే రెండో ఆమె నోరు తెరవదు. ‘అక్క ఎలా అంటే అలా’ అంటుంది, అంతే. బయటికి ఐకమత్యంగా కనిపిస్తుంది కానీ అది భయం.

మరొకటి గట్టిగా చెప్పాలి. ఒంటరి మహిళలను, భర్త పోయినవాళ్లను, ఎప్పుడూ అప్పుల్లో ఉండేవాళ్లను ‘వీళ్లు కట్టలేరు’ అని పక్కన పెట్టకండి. సంఘం అవసరం అందరికంటే వాళ్లకే ఎక్కువ. నేను చూసినంతలో నెలకు యాభై, వంద క్రమం తప్పకుండా కట్టింది వాళ్లే. ఎగవేతలు ఎక్కువగా పలుకుబడి ఉన్న ఇళ్ల నుంచే వచ్చాయి.

2. మొదటి మూడు సమావేశాల్లో తేల్చుకోవాల్సినవి

పేరు గురించి గంట సేపు మాట్లాడుకోవడం సహజం. లక్ష్మి, సరస్వతి, మదర్ థెరిసా, అంబేద్కర్, ఏదో ఒకటి పెట్టుకోండి. అసలు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. పొదుపు ఎంత? అందరిలోకీ తక్కువ సంపాదించే సభ్యురాలు కష్టం లేకుండా కట్టగలిగినంత. ఆమె చెప్పిన అంకె నుంచే లెక్క మొదలుపెట్టండి. ఏ రోజు, ఏ వేళ కూర్చోవాలి? కూలి పనికి వెళ్లేవాళ్లు తిరిగొచ్చే వేళను బట్టి. ఆలస్యంగా వస్తే, రాకపోతే జరిమానా ఎంత? ఐదు రూపాయలో పది రూపాయలో, అందరికీ ఒకటే. లోపలి అప్పుకు వడ్డీ ఎంత? దాని సంగతి నాలుగో భాగంలో చెప్తాను.

ఇవన్నీ తీర్మానాల పుస్తకంలో రాసి, పైకి చదివి, అందరి చేతా సంతకాలు పెట్టించండి. వేలిముద్ర వేసే ఆమె ఉంటే ఆమెకు రెండుసార్లు చదివి వినిపించండి. తర్వాత మూడు నెలల్లో ఆమెకు సంతకం నేర్పించండి. మా ఊళ్లో అరవై దాటిన ఒక పెద్దమ్మ బ్యాంకు ఫారం మీద తన పేరు తనే రాసిన రోజు మిగతా పదకొండు మందీ కౌంటరు దగ్గర నిలబడి చూశారు.

లీడర్లను కూడా ఇక్కడే ఎన్నుకోవాలి. మొదటి లీడరు, రెండో లీడరు. చదువుకున్న ఆమే లీడరు కావాలని లేదు. లెక్క రాయడానికి వీవోఏ (గ్రామైక్య సంఘం సహాయకురాలు) ఉంటుంది, ఇంటర్ చదివే ఎవరి కూతురో అయినా రాస్తుంది. లీడరు పని అందరి చేతా మాట్లాడించడం.

3. సమావేశం నడపడం

ఆఫీసు భాషలో వీటిని పంచసూత్రాలంటారు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపల అప్పులు ఇచ్చుకోవడం, వాయిదాలు సరిగ్గా కట్టడం, పుస్తకాలు ఎప్పటికప్పుడు రాయడం. తర్వాత ఆరోగ్యం, చదువు, పంచాయతీ, ప్రభుత్వ పథకాలు, జీవనోపాధి అని మరో ఐదు చేర్చి దశసూత్రాలన్నారు. గోడ మీద రాసినవి చాలామంది అప్పజెబుతారు. చాప మీద ఎలా ఉండాలో చెప్తాను.

కొత్త సంఘమైతే మొదటి ఏడాది వారానికోసారి, కుదరకపోతే పదిహేను రోజులకోసారి కూర్చోండి. గుండ్రంగా కూర్చోవాలి. లీడరు కుర్చీలో, మిగతావాళ్లు కింద కూర్చుంటే అది సమావేశం కాదు. ముందు హాజరు. తర్వాత పోయిన సమావేశంలో ఏం అనుకున్నామో పైకి చదవడం. ఆ తర్వాత పొదుపు. ప్రతి సభ్యురాలూ తన చేత్తో డబ్బు మధ్యలో పెట్టి ‘నా పొదుపు రెండు వందలు, నా అప్పు వాయిదా ఐదు వందలు, వడ్డీ యాభై’ అని పైకి చెప్పాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఇంట్లో గట్టిగా మాట్లాడే అలవాటు లేని మనిషి నెలకోసారైనా నలుగురిలో తన లెక్క తనే చెప్పుకుంటుంది. అలా ఏడాది చెప్పిన ఆమె రెండో ఏడాది బ్యాంకు మేనేజరును ‘ఈ కోత ఎందుకు సార్?’ అని అడిగింది. ఎవరూ ఆమెకు అలా అడగమని నేర్పలేదు.

ఆపైన కొత్త అప్పులు ఎవరికి కావాలో అడగడం, ఎవరికి ముందో మాట్లాడుకోవడం, తీర్మానం రాయడం. ఆఖరున ఆ రోజు ఎంత వచ్చింది, ఎంత పోయింది, చేతిలో ఎంత మిగిలింది అని పైకి చదివి సంతకాలు.

సంఘం ఎలా చెడుతుందో కూడా తెలిసి ఉండాలి. మొదట ఒకరిద్దరు ‘పనుంది వదినా, నా డబ్బు నువ్వే కట్టెయ్’ అని పంపిస్తారు. తర్వాత అందరూ అలాగే పంపిస్తారు. కొన్నాళ్లకు లీడరే ఇంటింటికీ తిరిగి డబ్బు వసూలు చేసి, పుస్తకం మీద సంతకాలు తీసుకుంటుంది. పాపం, ఆమె మంచికే తిరుగుతుంది. కానీ అక్కడితో సంఘం పోయింది, వసూలు మాత్రం మిగిలింది. ఇప్పుడు ఫోన్‌పేలో లీడరుకు పంపి ఊరుకోవడం కూడా అలాంటిదే. పొదుపు ఫోన్లో పంపినా పరవాలేదు, అది సంఘం ఖాతాకే పంపండి. మనిషి మాత్రం రావాలి.

4. లోపలి అప్పు: సంఘానికి ప్రాణం

పన్నెండు మంది నెలకు రెండు వందలు కడితే నెలకు 2,400 వస్తుంది. మూడో నెలకు 7,200. ఇది బ్యాంకులో మూలుగుతూ ఉండకూడదు. మూడో నెల నుంచే అప్పులు ఇవ్వడం మొదలుపెట్టండి.

వడ్డీని మన ఊరి లెక్కలోనే చెప్పుకుందాం. నూటికి నెలకు రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24 శాతం. వడ్డీ వ్యాపారి దగ్గర మూడు రూపాయలు, అవసరం గట్టిదైతే ఐదు రూపాయలు నడుస్తాయి. ఐదంటే ఏడాదికి 60 శాతం.

ఒకామెకు పిల్లాడి ఆసుపత్రి ఖర్చుకు ఐదు వేలు కావాలి. సంఘంలో రూపాయి వడ్డీకి తీసుకుని నెలకు ఐదు వందల అసలు, మిగిలిన అసలు మీద వడ్డీ కట్టిందనుకోండి. మొదటి నెల వడ్డీ యాభై, రెండో నెల నలభై ఐదు, అలా తగ్గుతూ పదో నెల ఐదు. మొత్తం వడ్డీ 275. పదో నెలకు అప్పు తీరిపోయింది. అదే ఐదు వేలు బయట ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి, నెలనెలా వడ్డీ మాత్రమే కట్టుకుంటూ పోతే పది నెలల్లో 2,500 వడ్డీకే పోతుంది. అసలు ఐదు వేలూ అలాగే ఉంటుంది. ఈ లెక్కను సమావేశంలో చాక్‌పీసుతో నేల మీద వేసి చూపించండి. నేను వేసి చూపించిన రోజున ఒకావిడ ‘ఇన్నేళ్లు ఎంత పోసుకున్నాను తల్లీ’ అని కళ్లు తుడుచుకుంది.

ఆ 275 కూడా ఎక్కడికీ పోలేదు. సంఘం నిధిలో చేరింది, అందులో ఆమెకూ పన్నెండో వంతు ఉంది. అందుకే వడ్డీ మరీ తగ్గించమనే సభ్యులకూ, మరీ పెంచమనే సభ్యులకూ ఒకటే జవాబు: ఇచ్చేదీ మనమే, పుచ్చుకునేదీ మనమే.

ఎవరికి ముందు ఇవ్వాలి? ఆసుపత్రి ముందు. తర్వాత పిల్లల ఫీజులు, విత్తనాలు, ఎరువులు. ఆ తర్వాత గేదె, కుట్టు మిషను, కొట్టులో సరుకు. ఫంక్షన్‌కు ఇవ్వకూడదని కొందరు ట్రైనింగుల్లో చెప్తారు. నేను ఒప్పుకోను. ఆడపిల్ల ఓణీల ఫంక్షన్‌కు మీరు ఇవ్వనంటే ఆమె మానుకోదు, ఐదు రూపాయల వడ్డీ ఇంటికి వెళ్తుంది. కొంచెం తగ్గించుకోమని చెప్పి, కట్టగలిగినంతే ఇవ్వండి.

5. పుస్తకాలు

నాలుగు చాలు: తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం, పొదుపు-అప్పుల లెడ్జరు, ఒక్కొక్కరి చేతిలో పాస్‌బుక్. సమావేశంలోనే రాయాలి, ‘ఇంటికెళ్లి రాస్తాను’ వద్దు. కొట్టివేతలు ఉంటే పక్కన ఇద్దరు సంతకం పెట్టాలి. సభ్యురాలి పాస్‌బుక్ సభ్యురాలి ఇంట్లోనే ఉండాలి. పన్నెండు పాస్‌బుక్‌లూ ఒక లీడరు బీరువాలో ఉన్నాయంటే ఆ సంఘంలో ఏదో ఒకటి దాస్తున్నారని అర్థం. ఇప్పుడు లెక్కలు ట్యాబుల్లో, యాపుల్లో కూడా ఎక్కిస్తున్నారు. మంచిదే. అయినా కాగితం పుస్తకం మానకండి, యాప్‌లో అంకెను చదువురాని సభ్యురాలు చూసుకోలేదు.

6. బ్యాంకు ఖాతా, బ్యాంకు లోను

పొదుపు ఖాతా సంఘం పేరు మీద తెరవాలి. ఖాతా తెరవాలని, ఎవరెవరు సంతకం పెట్టాలని రాసిన తీర్మానం, లీడర్ల ఆధార్, ఫొటోలు పట్టుకెళ్లండి. పొదుపు ఖాతాకు సభ్యులందరి గుర్తింపు పత్రాలూ అడగక్కర్లేదని, లీడర్లవి చాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అందరి పత్రాలూ లోను ఇచ్చేటప్పుడు తీసుకుంటారు.

ఆరు నెలలు పంచసూత్రాలతో నడిచిన సంఘానికి లోను అర్హత వస్తుంది. మొదటి విడతలో సంఘం నిధికి ఆరు రెట్లు లేదా లక్షన్నర, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది. పైన చెప్పిన పన్నెండు మంది సంఘానికి ఆరు నెలల్లో 14,400 పొదుపు ఉంటుంది. ఆరు రెట్లు 86,400. అంటే లక్షన్నరే ఎక్కువ కాబట్టి లక్షన్నర అడగొచ్చు. రెండో విడతకు నిధికి ఎనిమిది రెట్లు లేదా మూడు లక్షలు. నిధి అంటే పొదుపు ఒక్కటే కాదు, వడ్డీ ఆదాయం, జరిమానాలు, వచ్చిన గ్రాంట్లు కూడా కలిపి లెక్కేస్తారు. అందుకే లోపలి అప్పులు బాగా తిరిగిన సంఘానికి లోను కూడా పెద్దది వస్తుంది.

పది లక్షల వరకు లోనుకు తాకట్టు అడగకూడదు. పొదుపు ఖాతాలో డబ్బును లోను తీరేదాకా తీయకూడదని ఆపకూడదు. లోను ఇవ్వాలంటే డిపాజిట్ వేయమని ఒత్తిడి చేయకూడదు. ఈ మూడూ రిజర్వు బ్యాంకు మాటలే. ఎక్కడైనా అలా చేస్తే గొడవ పెట్టుకోవద్దు. ఏ నిబంధన ప్రకారం అని మర్యాదగా రాసి అడగండి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. మండలంలో సంఘాల పని చూసే ఉద్యోగులకు, అంటే సీసీకి, ఏపీఎంకు చెప్పండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. చాలాసార్లు స్టాంపు వేయించుకున్న కాగితంతోనే పని అయిపోతుంది.

ఇంకొకటి. ఒక సభ్యురాలికి లేదా ఆమె ఇంట్లోవాళ్లకు అదే బ్యాంకులో పాత బాకీ ఉందని సంఘం మొత్తానికి లోను ఆపడం సాధారణంగా జరగకూడదు, సంఘం బాకీ పడకుండా ఉంటే చాలు. ఆ లోనులోంచి ఆ బాకీ ఉన్న సభ్యురాలికి మాత్రం ఇవ్వకూడదు. ఆమె పాతది సర్దుకునేదాకా సంఘం సొంత నిధిలోంచి చూసుకోండి.

ఇప్పుడు అసలు రోగం గురించి. లోను రాగానే మన సంఘాలు చేసే పని సమానంగా పంచుకోవడం. ఐదు లక్షలు వచ్చాయి, పది మంది, తలా యాభై వేలు. చూడటానికి న్యాయంగా ఉంటుంది. కానీ మా దగ్గర ఒక సంఘంలో ఏమైందో చూడండి. ఒకామెకు ఆ ఏడాది డబ్బు అవసరమే లేదు. ఆమె తన యాభై వేలను ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తిప్పింది. పాల కేంద్రానికి పాలు పోసే ఇంకొకామెకు మంచి గేదె కొనడానికి తొంభై వేలు కావాలి. యాభై చాలక మిగతా నలభై బయట తెచ్చింది. ఎవరి దగ్గర తెచ్చిందంటే, మొదటి ఆమె దగ్గరే. ఒకే చాప మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరు వడ్డీ వ్యాపారి, ఒకరు బాకీదారు అయ్యారు. మూడో ఏట ఆ సంఘం విడిపోయింది.

దీనికి మందు సూక్ష్మ రుణ ప్రణాళిక. పేరు బరువుగా ఉన్నా పని తేలికే. లోనుకు రెండు నెలల ముందు ఒక్కొక్కరి ఇంటి రాబడి, ఖర్చు, ఉన్న అప్పులు, చేద్దామనుకున్న పని అందరి ముందూ రాసుకోవాలి. ఎవరికి ఎంత కావాలి, నెలకు ఎంత కట్టగలదు అని తేలుతుంది. ఒకరికి తొంభై, ఒకరికి ఇరవై, ఇద్దరికి ఏమీ వద్దు. ఈ ఏడాది తీసుకోని వాళ్లకు వచ్చే విడతలో ముందు అని తీర్మానం రాయండి. ఐదు బయటి అప్పుల్లో ఉన్న ఆమె ఉంటే, ముందు అందులో ఎక్కువ వడ్డీ ఉన్నది తీర్చేలా ఇవ్వండి. కొత్త వ్యాపారం కంటే అదే ఎక్కువ ఆదాయం ఆమెకు.

మీ పేరు మీద తీసి వేరేవాళ్లకు ఇవ్వడం మాత్రం వద్దు. చుట్టమైనా, లీడరైనా, ఎంత మంచి మనిషైనా. వాయిదా తప్పితే మీ పేరే క్రెడిట్ రికార్డులో పడుతుంది. రేపు మీ అబ్బాయి చదువు లోనుకు అది అడ్డం వస్తుంది.

7. కట్టలేకపోతే

ఇది రాసేటప్పుడు నాకు చేయి నెమ్మదిస్తుంది. 2010లో మన పల్లెల్లో జరిగింది చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు. ఒక్కో ఇంట్లో మూడు నాలుగు సూక్ష్మ రుణ సంస్థల అప్పులు, వారం వారం వసూలు. కట్టలేని ఇంటి ముందు తోటి ఆడవాళ్లనే కూర్చోబెట్టేవారు. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. ఆ అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటిని కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. ఒకరికొకరు పూచీ ఉండటం అనేది మంచి పద్ధతే. అది తోటి మనిషిని అవమానించే ఆయుధం కావడానికి ఎక్కువ సమయం పట్టదని అప్పుడు తెలిసింది.

కాబట్టి వాయిదా తప్పిన ఇంటికి ఇద్దరే వెళ్లండి, ఆమెకు దగ్గరివాళ్లు. పది మంది వెళ్లొద్దు. ఆమె పొదుపు జమ చేసుకుంటామని, రేషను ఆపిస్తామని, పింఛను ఆపిస్తామని బెదిరించొద్దు. ‘ఏమైంది అక్కా?’ అని అడగండి. పంట పోయిందా, జబ్బు చేసిందా, మనిషి డబ్బు లాక్కున్నాడా? కట్టలేని మనిషి వేరు, కట్టని మనిషి వేరు. మొదటి ఆమెకు వాయిదా తగ్గించి గడువు పెంచండి. ఆ నెల బ్యాంకు వాయిదాకు తక్కువైంది సంఘం నిధిలోంచి ఆమె పేరు మీద చిన్న అప్పుగా రాసి కట్టండి. ఇందుకే నిధి మొత్తం ఎప్పుడూ ఖాళీ చేయకూడదు. రెండో ఆమె విషయంలో తీర్మానం రాసి గ్రామైక్య సంఘం ముందు పెట్టండి.

ఆమె మాటల్లో బతకాలని లేదన్నట్టు వినిపిస్తే డబ్బు మాట ఆ రోజుకు ఆపేయండి. ఆమెను ఒంటరిగా వదలకండి. మనసు బాగోలేనివాళ్లకు సాయం చేసే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

మాఫీ వస్తుందని వాయిదాలు ఆపడం గురించి కూడా చెప్పాలి. ఆపిన సంఘాలకు వడ్డీ మీద వడ్డీ పెరిగింది, గ్రేడు పడిపోయింది, కొత్త లోను ఏళ్ల తరబడి రాలేదు. కట్టుకుంటూ పోయిన సంఘాలు అవతలి ఒడ్డుకు చేరాయి. ప్రభుత్వం వడ్డీ రాయితీ ఇచ్చినా అది సమయానికి కట్టినవాళ్లకే వర్తిస్తుంది. సభ్యులకు నూటికి నెలకు పావలా వడ్డీయే పడేలా మిగతాది ప్రభుత్వం భరించిన ‘పావలా వడ్డీ’ రోజుల నుంచీ పద్ధతి అదే.

8. పది సంఘాలు కలిస్తే

ఊళ్లో సంఘాలన్నీ కలిసి గ్రామైక్య సంఘం, అవి కలిసి మండల సమాఖ్య, ఆపైన జిల్లా సమాఖ్య. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద వీటిని రిజిస్టరు చేస్తారు. మీ లీడర్లు గ్రామైక్య సంఘం సమావేశానికి వెళ్లి వచ్చాక అక్కడ ఏం జరిగిందో మీ చాప మీద చెప్పాలి. చెప్పకపోతే అడగండి.

స్త్రీ నిధి గురించి చాలామందికి సగమే తెలుసు. 2011లో ప్రభుత్వం, మండల సమాఖ్యలు కలిసి పెట్టుకున్న సహకార రుణ సంస్థ అది. బ్యాంకు లోను మధ్యలో ఉండగా గేదె చచ్చిపోయినా, ఫీజు కట్టాల్సి వచ్చినా గ్రామైక్య సంఘం ద్వారా అడగొచ్చు. అడిగిన 48 గంటల్లో ఖాతాలో పడేలా దాన్ని రూపొందించారు. రాష్ట్రం విడిపోయాక రెండు చోట్లా వేరువేరుగా నడుస్తోంది. తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి జాగ్రత్త కూడా ఎక్కువ కావాలి: దీని వాయిదా, బ్యాంకు వాయిదా కలిపి నెలకు ఎంతవుతుందో ముందే రాసుకోండి.

9. డబ్బు కాని పనులు

కలిసి కూర్చోవడం అలవాటైన ఆడవాళ్లు కొన్నాళ్లకు డబ్బు తర్వాత వేరే మాటలు మాట్లాడతారు. నీళ్ల ట్యాంకు, బడిలో టీచరు రాకపోవడం, పదిహేనేళ్ల పిల్లకు సంబంధం చూడటం. ఆ మాటలకు సమావేశంలో పావుగంట కేటాయించండి, తీర్మానం కూడా రాయండి. పది సంతకాలున్న కాగితాన్ని పంచాయతీ పక్కన పడేయలేదు.

మా సంఘంలో ఒకమ్మాయి వరసగా రెండు సమావేశాలకు రాలేదు. మూడోసారి వచ్చినప్పుడు చెయ్యి వాచి ఉంది. ‘జారిపడ్డాను’ అంది. ఎవరూ ఏమీ అనలేదు. సమావేశం అయ్యాక ఇద్దరు పెద్దవాళ్లు ఆమెతో ఉండిపోయారు. ఆ వారం రోజూ ఎవరో ఒకరు ఏదో వంకతో, చింతపండుకనో పెరుగు తోడుకనో ఆ ఇంటికి వెళ్లొచ్చారు. అతను చెయ్యెత్తడం ఆపాడు, కనీసం మేం చూసినంత కాలం. ఆగకపోతే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు, ప్రాణాపాయమైతే 112. హింసకు గురైన ఆడవాళ్లకు సాయపడే సఖి కేంద్రం జిల్లాలో ఉంటుంది, 2005 గృహహింస చట్టం ఉంది. కానీ ఆ నంబరు నొక్కే ధైర్యం ముందు రావాలి. అది ‘నా వెనక పది మంది ఉన్నారు’ అనుకున్నప్పుడే వస్తుంది. ఆమె ఇష్టం లేకుండా మాత్రం మీరు ముందుకు దూకొద్దు. తర్వాత దెబ్బలు పడితే పడేది ఆమెకే.

బీమా ఒక్క రోజు పని. ప్రధానమంత్రి జీవన్ జ్యోతికి ఏడాదికి 436 రూపాయలు, సురక్షా బీమాకు 20 రూపాయలు. మొదటిది ఏ కారణంతో చనిపోయినా రెండు లక్షలు, రెండోది ప్రమాదానికి రెండు లక్షలు. మొదటిదానిలో యాభై ఏళ్ల లోపే చేరాలి, రెండోదానికి డెబ్బై దాకా ఉంది. మే నెలాఖరులో ఖాతా నుంచి డబ్బు కోసుకుంటారు. మే నెల సమావేశంలో ప్రతి ఒక్కరి ఖాతాలో 456 ఉందా అని అడగండి. లేనివాళ్లకు సంఘం అప్పుగా ఇవ్వండి.

కలిసి సంపాదించే పనులూ ఉన్నాయి. తెలంగాణలో ధాన్యం కొనే కేంద్రాన్ని ఇందిరా క్రాంతి పథం పేరుతో ఇప్పటికీ ‘ఐకేపీ సెంటర్’ అంటారు, నడిపేది మహిళా సంఘాలే. తేమ చూడటం, తూకం వేయడం, లారీ ఎక్కించడం అన్నీ వాళ్లే చూసుకుంటారు. ముల్కనూరులో మహిళలు 2000లో సొంతంగా పాల డెయిరీ పెట్టుకుని స్వకృషి పేరుతో పాలు అమ్ముతున్నారు. జహీరాబాద్ దగ్గర పల్లెల్లో దళిత మహిళల సంఘాలు విత్తనాలు దాచుకున్నాయి, చిరుధాన్యాలు నిలబెట్టుకున్నాయి, 2008 నుంచి సొంత రేడియో నడుపుతున్నాయి. ఇవేవీ లోనుతో మొదలైన పనులు కావు. ఏళ్ల తరబడి కలిసి కూర్చున్నవాళ్లు మొదలుపెట్టిన పనులు. సంఘం పెట్టిన మొదటి ఏడాదే పచ్చళ్ల ఫ్యాక్టరీ గురించి ఆలోచించకండి.

10. లీడరును మార్చడం

రెండేళ్లకోసారి మార్చండి. బాగా చేస్తున్నా మార్చండి. పదేళ్లు ఒకరే లీడరైతే మిగతావాళ్లకు బ్యాంకు తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా తెలియదు. మా దగ్గర అలాంటి ఒక సంఘంలో లీడరు సభ్యులు కట్టిన వాయిదాలు ఎనిమిది నెలలు బ్యాంకులో వేయలేదు. నోటీసు వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. ఎందుకంటే ఖాతా స్టేట్‌మెంటు ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఆ లెక్కలు నా చేతి రాతలోనే ఉన్నాయి. బ్యాంకు రసీదులు చూడకుండా ఆమె చెప్పినవి రాసుకున్నాను. ఆ తప్పు నాది కూడా. అప్పటి నుంచి ప్రతి సమావేశంలో బ్యాంకు పాస్‌బుక్ తెచ్చి చూపితేనే పెన్ను తీశాను. బ్యాంకుకు వెళ్లేటప్పుడు లీడరుతో వంతులవారీగా ఒక సభ్యురాలు వెళ్లేలా తీర్మానం చేసుకోండి.

11. సంఘం విడిచి వెళ్లే సభ్యురాలు

ఊరు మారేవాళ్లు ఉంటారు, హైదరాబాదుకో బెంగుళూరుకో పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు ఉంటారు. ఆమె పొదుపు, దాని మీద వడ్డీ ఆదాయంలో ఆమె వాటా కలిపి, అప్పు మిగిలి ఉంటే తీసేసి, మిగతాది సమావేశంలో అందరి ముందు చేతికివ్వండి. ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటు సంఘానిది, అది పంచకూడదు. బ్యాంకు లోను నడుస్తుంటే ఆమె వాటా అప్పు తీరాకే పేరు తీయాలి.

సభ్యురాలు చనిపోతే లెక్క అడగడానికి పెద్దకర్మ దాకా ఆగండి. ఆ లోపు బీమా కాగితాలు మీరే సిద్ధం చేయండి, ఆ ఇంట్లో వాళ్లకు అప్పుడు చేతులు ఆడవు. నామినీ పేరు చూడండి, మరణ ధ్రువీకరణ పత్రానికి పంచాయతీకి ఒకరు వెళ్లండి. తర్వాత వచ్చే సమావేశానికి ఆమె కూతురినో కోడలినో పిలవండి. ఆమె పాస్‌బుక్‌లో మొదటి పొదుపు నుంచి ఆఖరి వాయిదా దాకా పైకి చదివి వినిపించి, రావాల్సిన డబ్బు లెక్కపెట్టి ఇచ్చి సంతకం తీసుకోండి. ఆ అమ్మాయికి ఇష్టమైతే అదే రోజు కొత్త పాస్‌బుక్ రాసి, చాప మీద చోటు చూపించండి.